బొంబాయి – లండను ఆకాశమార్గము: దూరమొకటి, కాలము వేరొకటి

మన పల్లెపట్టులలో దూరమును కొలుచుటకు పూర్వము గొలుసులు, కొలబద్దలు అక్కరలేకుండెను. పొరుగూరు కూతవేటు దూరమనియు, తాలూకా కచ్చేరి పొద్దుగూకులోపల వెళ్ళి రాదగిన దూరమనియు పెద్దలు చెప్పెడివారు. ఆమడ యను కొలత వారికి తెలియకపోలేదు. కాని బండి కట్టుకొని పోవువానికి కావలసినది ఆమడల లెక్క కాదు; ఎద్దులకు నీరెచట దొరకును, ఏరు దాటుటకు వీలున్నదా, చీకటి పడకమునుపు సత్రము చేరగలమా యనునదే వానికి ముఖ్యము. దూరమును కాలముతో కొలిచిన ఆ పెద్దల పద్ధతిలో గొప్ప వివేకమున్నది. ఎద్దుబండికి వర్తించిన ఆ లెక్కయే గంటకు తొమ్మిదివందల కిలోమీటర్లు పోవు విమానమునకును వర్తించుచున్నదని బొంబాయి – లండను మార్గచరిత్ర మనకు తెలుపుచున్నది.

కేంద్రప్రభుత్వపు కొలువులలో నుండి, బదిలీలతో దేశము నలుమూలల కాపురములు మార్చుకొను మనబోటివారికి ఈ విషయము కేవలము విద్వద్గోష్ఠికి సంబంధించినది కాదు. స్వగ్రామమెన్ని కిలోమీటర్లని మనమెవ్వరము ఆలోచింపము. సెలవులో ఎన్ని దినములు దారిలోనే కరగిపోవునని ఆలోచింతుము. ఆ దినముల సంఖ్యను నిర్ణయించునది భూగోళము మాత్రమే కాదు. రాజ్యముల నడుమ కుదిరిన ఒడంబడికలు, నేలమీద వెలిగించిన దీపములు, ఇంధనము నిలువచేసిన గుడిసెలు, గాలి పోకడను కనిపెట్టినవారి శ్రమ – ఇవన్నియు కలిసి దానిని నిర్ణయించుచున్నవి.

ముందుగా దూరము సంగతి చూతము. నేడు ముంబయి యని పిలువబడుచున్న బొంబాయికిని, లండనుకును నడుమ భూమి గుండ్రని ఉపరితలముమీద గీయదగిన అత్యంత సమీపరేఖ భూకేంద్రమువద్ద సుమారు 65 డిగ్రీల కోణమును చేయును. ఒక డిగ్రీకి 60 సముద్రపు మైళ్ళు. ఒక్కొక్క సముద్రపు మైలు 1.852 కిలోమీటర్లు. గుణించి చూచినచో దూరము ఇంచుమించు 7,200 కిలోమీటర్లు తేలును. కాగితముమీద పరచిన పటములో ఈ రేఖ వంకరగా కనబడును గాని, గోళముపై దారము పట్టి బిగించి చూచినచో అదియే సూటియైన దారియని బోధపడును. ఈ సంఖ్య తెరచాపల ఓడల నాడును ఇదే, నేడును ఇదే. మారినదంతయు కాలమే.

ఆఫ్రికాఖండపు దక్షిణాగ్రమును చుట్టివచ్చు తెరచాపల ఓడలకు ఇంగ్లండు నుండి మన తీరము చేరుటకు నాలుగైదు నెలలు పట్టెడిది. గాలి అనుకూలింపనిచో ఆరు నెలలును పట్టెడిది. 1830వ సంవత్సరమున హ్యూ లిండ్సే యను పొగయోడ బొంబాయి నుండి బయలుదేరి ఇంచుమించు ఒక నెలలో సూయెజు చేరెను. ఇందొక విశేషము కలదు. ఆ నెలలో మూడింట ఒక వంతు కాలము ప్రయాణముచేయుటకు గాక, మధ్య రేవులలో బొగ్గు ఎక్కించుకొనుటకే సరిపోయెను. యంత్రము ఎంత వేగముగలదైనను, దారిలో దాని మేత సిద్ధముగా లేనిచో ఆ వేగము నిష్ప్రయోజనమని ఆనాడే తేలినది. 1869లో సూయెజు కాలువ తెరువబడిన తరువాత దూరము తగ్గెను. ఐరోపాలో రైలును, సముద్రముమీద పొగయోడను కలిపి నడుపుటచేత ఇరువదవ శతాబ్దపు ఆరంభమునకు లండను ఉత్తరము ఇంచుమించు రెండు వారములలో బొంబాయి చేరసాగెను.

విమానము మన దేశమున తపాలా మోయుటకు చాల త్వరగా పూనుకొన్నది. 1911 ఫిబ్రవరి 18వ తేదీన అలహాబాదులో ఆన్రీ పెకే యను ఫ్రెంచి వైమానికుడు సుమారు 6,500 ఉత్తరములను యమునకు ఆవలనున్న నైనీకి మోసికొనిపోయెను. దూరము సుమారు పది కిలోమీటర్లు మాత్రమే. ఐనను ప్రభుత్వ ఆమోదముతో విమానముపై తపాలా పోవుట లోకమున అదియే మొదటిదని చరిత్రకారులు లెక్కింతురు.

ఇంగ్లండు నుండి హిందూదేశమునకు విమానము రావలెనన్న కోరిక మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన వెంటనే ఫలించినది. 1918 డిసెంబరు 13న హాండ్లీ పేజి కంపెనీవారి పెద్దవిమానమొకటి ఇంగ్లండు విడిచి, 1919 జనవరి నడుమ కరాచీ చేరెను. ఇంచుమించు నెల దినములు! అదే కాలమున పొగయోడమీద వచ్చినవారు అంతకంటె ముందే చేరియుందురు. గాలిలో ఎగురుచున్నంతసేపు విమానము ఓడను ఎన్నో రెట్లు మించిపోవుచుండెను. కాని యంత్రములు చెడినప్పుడు బాగుచేయుటకు, వాతావరణము తెరిపి యిచ్చువరకు కాచుకొనుటకు దినములు గడచిపోయెను. దారి యనునది ఇంకను ఏర్పడలేదు. ఉన్నది ఆకాశము మాత్రమే.

దారిని వేసినది నేలమీదివారు. ఈజిప్టు నుండి మెసొపొటేమియాకు, అనగా నేటి ఇరాకుకు పోవు విమానములు గుర్తులేని యెడారిలో దారి తప్పకుండుటకై 1921లో బ్రిటిషు వాయుసేనవారు ఇసుకనేలపై వందలకొలది మైళ్ళ పొడవున నాగటిచాలువంటి గీతను వేయించిరి. నడుమనడుమ విమానములు దిగుటకు అనువైన మైదానములను గుర్తించి, పైనుండి కనబడునట్లు చిహ్నములు పెట్టిరి. చోదకుడు క్రిందికి చూచుచు ఆ చాలును పట్టుకొనియే బాగ్దాదుకు పోయెడివాడు. చాలు తప్పని నాగలిని మెచ్చుకొను మన రైతునకు ఈ సంగతి చెప్పినచో వెంటనే అర్థమగును.

1929 మార్చి 30వ తేదీన ఇంపీరియల్ ఎయిర్‌వేస్ కంపెనీ లండనులోని క్రాయ్‌డన్ నుండి కరాచీకి వారమునకొక పర్యాయము విమానములను నడుపుట ప్రారంభించెను. మార్గము సుమారు 5,000 మైళ్ళు, ప్రయాణకాలము ఏడు దినములు, రుసుము 130 పౌనులు. ఆ ప్రయాణక్రమము చిత్రముగా నుండెను. క్రాయ్‌డన్ నుండి స్విట్జర్లండులోని బాసెలు వరకు విమానము. అచట నుండి ఇటలీలోని జెనోవా వరకు రైలు. జెనోవా నుండి మధ్యధరాసముద్రము మీదుగ అలెగ్జాండ్రియా వరకు నీటివిమానము. ఈజిప్టు నుండి కరాచీ వరకు మరియొక నేలవిమానము. వాయుయానమని చీటీ కొన్నవాడు ఒక రాత్రి రైలుపెట్టెలో నిద్రింపవలసి వచ్చెను!

ఈ ఏడు దినములను విడదీసి చూచినచో అసలు విషయము తెలియును. ఆనాటి విమానములు గంటకు సుమారు వంద మైళ్ళు పోయెడివి. ఆ లెక్కన 5,000 మైళ్ళకు 50 గంటలు, అనగా రెండు దినములపైన రెండు గంటలు చాలును. మిగిలిన ఐదు దినములు ఏమైనవి? రాత్రి యెగురుటకు దీపములు, దిక్కు తెలుపు సాధనములు చాలకపోవుటచేత సూర్యాస్తమయము కాగానే విమానము దిగిపోయెడిది. ప్రయాణికులు బసలో పండుకొని తెల్లవారుజామున మరల బయలుదేరెడివారు. రెండుమూడు వందల మైళ్ళకొకసారి పెట్రోలు కొరకు ఆగవలసియుండెను. ఒక వాహనమునుండి మరియొక వాహనములోనికి మారవలసియుండెను. దూరము తిన్న కాలముకంటె మజిలీలు తిన్న కాలమే అధికము.

ఇక రాజ్యముల అనుమతి సంగతి. సముద్రము అందరిది, ఆకాశము అట్టిది కాదు. ఏ దేశముపైనున్న ఆకాశమునకు ఆ దేశమే ప్రభువని 1919లో పారిసునందు కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక స్థిరపరచినది. ఇటలీ ప్రభుత్వముతో పొత్తు కుదరకపోవుటచేత, సర్వీసు ప్రారంభమైన సంవత్సరమే ముగియకముందు జెనోవా మార్గమును విడిచి, గ్రీసు మీదుగ పోవలసి వచ్చెను. పర్షియా దేశము తన తీరము వెంబడి ఎగురుటకు మూడు సంవత్సరముల వరకే అనుమతి నిచ్చినది. ఆ గడువు ముగియుటతో 1932 అక్టోబరులో మార్గమంతయు పర్షియా సింధుశాఖకు ఆవలి యొడ్డునకు, అరబ్బు తీరమునకు మారినది. షార్జా షేకుతో ఒడంబడిక చేసికొని, అచట ఇసుకలో విమానములు దిగు మైదానమును, ప్రయాణికుల బసకై కోటవంటి విడిదిని కట్టించిరి. నేడు మన తెలుగువారు వేలకొలదిగ జీవనము చేయుచున్న ఆ గల్ఫుతీరమునకు విమానము వచ్చుట ఈ విధముగ మొదలైనది. అది వ్యాపారము కొరకు ఎంచుకొన్న దారి కాదు. ఆవలి యొడ్డున తలుపు మూయబడుటచేత తెరువబడిన దారి.

వేగిరపాటు ఎంతటి యనర్థమునకు దారితీయునో తెలుపు ఉదాహరణ యొకటి ఈ చరిత్రలోనే కలదు. విమానములు చాలవని తలచి బ్రిటిషు ప్రభుత్వము ఆర్ 101 అను బ్రహ్మాండమైన ఆకాశనౌకను నిర్మించి, దానిని మధ్యలో ఒకటి రెండు మజిలీలతోనే కరాచీకి నడుపదలచెను. కరాచీలో దాని కొరకు పెద్ద కొట్టమును, కట్టివేయుటకు స్తంభమును సిద్ధపరచిరి. 1930 అక్టోబరు 4వ తేదీ సాయంకాలము, పరీక్షలు సంతృప్తికరముగ ముగియకమునుపే, వాయుశాఖామంత్రియైన లార్డు థామ్సను స్వయముగ ఎక్కి బయలుదేరెను. ఆ రాత్రి గాలివానలో ఫ్రాన్సునందలి బోవే పట్టణసమీపమున అది నేలకు తగిలి మండిపోయెను. నౌకలోనున్న 54 మందిలో 48 మంది, మంత్రితో సహా, మరణించిరి. కరాచీలోని కొట్టము ఏ ఆకాశనౌకను చూడకయే శూన్యముగ మిగిలిపోయెను.

కరాచీ చేరిన లండను తపాలా బొంబాయికి, మదరాసుకు చేరుట మరియొక ప్రశ్న. దానికి సమాధానము చెప్పినవాడు జె. ఆర్. డి. టాటా. 1932 అక్టోబరు 15వ తేదీన ఆయన కరాచీలోని డ్రిగ్ రోడ్ మైదానము నుండి పస్ మాత్ అను చిన్నవిమానములో ఉదయము 6 గంటల 35 నిమిషములకు బయలుదేరి, అహమ్మదాబాదులో దిగి, మధ్యాహ్నము 1 గంట 50 నిమిషములకు బొంబాయిలోని జుహూ చేరెను. అహమ్మదాబాదులో ఆయన విమానమునకు కావలసిన పెట్రోలు ఎద్దుబండిమీద వచ్చినది. బొంబాయి నుండి నెవిల్ విన్సెంటు తపాలా సంచులను గైకొని మదరాసు వైపు సాగి, ఆ రాత్రి బళ్ళారిలో నిలిచి, మరునాడు మదరాసు చేరెను. నాడు మదరాసు రాజధానిలోని దత్తమండలములలో భాగమైన బళ్ళారి జిల్లాలో తెలుగువారు విస్తారముగ నుండిరి. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు దాని యందలి మూడు తాలూకాలు మనవైపు వచ్చినవి. లండను నుండి ఎగిరివచ్చిన ఉత్తరము దక్షిణాపథమున మొట్టమొదట రాత్రి గడిపినది ఆ గడ్డమీదనే. తరువాతి సంవత్సరములలో ఈ మార్గమునందు హైదరాబాదు మజిలీ యయినది; 1938లో మార్గము కొలంబో వరకు పొడిగింపబడినది.

ఈ సర్వీసునకు రాత్రిదీపములు లేవు, వార్తలందించు రేడియో సాధనములు లేవు. వానకాలమున జుహూ మైదానము బురదమడుగు అగుటచేత విమానములను పూనాకు మార్చవలసి వచ్చెడిది. అట్లుండియు తపాలాను వేళకు అందించుటలో అది మంచి పేరు తెచ్చుకొన్నది. ఎద్దుబండి లేనిచో విమానము కదలదన్న సంగతి ఆ యుగపు నిజస్వరూపమును ఒక్కమాటలో చెప్పుచున్నది.

రెండవ ప్రపంచయుద్ధములో ఈ మార్గములు పలుచోట్ల తెగిపోయెను. 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానువారి వశమైన పిదప ఆస్ట్రేలియాకు మనవైపు నుండి దారి లేకుండెను. అప్పుడు, 1943 నుండి 1945 వరకు, సింహళములోని కొగ్గల సరస్సునకును పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్తుకును నడుమ క్వాంటాస్‌వారు కాటలీనా నీటివిమానములను ఎచటను ఆగకుండ నడిపిరి. దూరము సుమారు 5,600 కిలోమీటర్లు. కాలము 27 నుండి 33 గంటలు. శత్రువుల కంటబడకుండ రేడియో మూసికొని, నక్షత్రములను చూచుకొనుచు సాగిపోయెడివారు. పెట్రోలు బరువు చేత ముగ్గురికంటె ఎక్కువమంది ప్రయాణికులను ఎక్కించుకొనుటకు వీలులేకుండెను. ఒకే ప్రయాణములో సూర్యోదయమును రెండుసార్లు చూచిన ఆ ప్రయాణికులకు దానిని తెలుపు పత్రములు ఇచ్చెడివారు. మజిలీలు లేకుండ పోవచ్చునని ఆ విమానములు నిరూపించినవి. కాని దానికి చెల్లించిన వెల యెంతటిదో కూడ చూపినవి.

స్వతంత్రభారతము తన సొంత విమానములో లండనుకు పోయినది 1948 జూన్ 8వ తేదీన. ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ సంస్థ యొక్క మలబార్ ప్రిన్సెస్ అను లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్ విమానము 35 మంది ప్రయాణికులతో బొంబాయి విడిచి, కైరో, జెనీవాల మీదుగ లండను చేరెను. ఈ మూడు అంచెలను కూడినచో సుమారు 7,900 కిలోమీటర్లు. సూటిదూరము కంటె పదింట ఒక వంతు మాత్రమే అధికము. ఐనను ప్రయాణమునకు ఇంచుమించు ఒక పగలు, ఒక రాత్రి పట్టెను. 1929లో ఏడు దినములైన ప్రయాణము పందొమ్మిది యేండ్లలో ఒక దినమునకు తగ్గినదన్నమాట. విమానవేగము మూడురెట్లే పెరిగినది. కాలము మాత్రము అంతకు రెట్టింపు తగ్గినది. ఆ రెండవ లాభము యంత్రముది కాదు. రాత్రియందును ఎగురగలుగుట, మజిలీలు రెండింటికి తగ్గుట – ఇవియే దానికి కారణములు.

రాత్రిని ఉపయోగించుకొనుట అనగా ఏమో మన దేశములోనే మరియొక ఏర్పాటు చక్కగా చూపినది. 1949లో నాగపూరు కేంద్రముగ రాత్రి తపాలావిమానములు మొదలయ్యెను. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మదరాసుల నుండి రాత్రి బయలుదేరిన నాలుగు విమానములు నడిరేయి నాగపూరులో కలిసికొని, సంచులను, ప్రయాణికులను ఇచ్చిపుచ్చుకొని, తెల్లవారుసరికి తిరిగి తమతమ నగరములకు చేరుకొనెడివి. అవి క్రొత్త విమానములు కావు, యుద్ధకాలపు డకోటాలే. రైలులో రెండు రాత్రులు పోవలసిన మదరాసు ఉత్తరము మరునాటికే ఢిల్లీ చేరసాగెను. అదే సంవత్సరము ఏప్రిల్ 1 నుండి అదనపు రుసుము లేకయే సాధారణపు ఉత్తరములను విమానముపై పంపు పద్ధతి అమలులోనికి వచ్చెను. వేగము ధనవంతుల సొత్తుగ నుండక కార్డు వ్రాసికొనువానికి కూడ దక్కినది. 1973 వరకు సాగిన ఆ నాగపూరు ఏర్పాటు వెనుక తపాలావారు, వాతావరణశాఖవారు, విమానశాఖవారు ఎందరు రాత్రులు మేల్కొనిరో మనము ఊహించుకొనవచ్చును.

ఈ లాభములన్నియు నష్టము లేకుండ రాలేదు. 1950 నవంబరు 3న అదే మలబార్ ప్రిన్సెస్ కైరో నుండి జెనీవాకు పోవుచు మాంట్ బ్లాంక్ పర్వతమునకు తగిలి, అందలి 48 మందియు మరణించిరి. ఆ ప్రయాణికులలో ఓడలలో కొలువునకై పోవుచున్న భారతీయ నావికులుండిరి. 1960 ఏప్రిలులో బోయింగ్ 707 జెట్ విమానములు మన లండను మార్గమున ప్రవేశించి ప్రయాణకాలమును మరింత తగ్గించెను. 1962 నాటికి ఎయిర్ ఇండియా జెట్ విమానములను మాత్రమే నడుపు సంస్థ యయ్యెను. కాని 1966 జనవరి 24న కాంచనజంగ యను 707 విమానము అదే మాంట్ బ్లాంక్ మీద కూలి 117 మందిని బలిగొన్నది. వారిలో అణుశాస్త్రవేత్త హోమీ భాభా ఒకరు. 2012 ఆగస్టులో ఆ కొండ పాదమున కరగుచున్న మంచు ఒక గోనెసంచిని బయటపెట్టినది. దానిమీద విదేశాంగ మంత్రిత్వశాఖ పేరును, దౌత్యపు తపాలా అను ముద్రయు ఉండెను. లోపల 1966 జనవరి నాటి వార్తాపత్రికలు కలవు. గంటలలో చేరవలసిన సంచి భారత ప్రభుత్వపు చేతికి తిరిగి వచ్చుటకు 46 సంవత్సరములు పట్టినది. కచ్చేరీలలో తపాలా సంచులను కట్టి, లక్కముద్రలు వేసి పంపినవారికి ఈ వార్త యొక్క బరువు వేరుగ చెప్పనక్కరలేదు.

నేడు ముంబయి నుండి లండనుకు ఎచటను ఆగని విమానములు తొమ్మిది, పది గంటలలో పోవుచున్నవి. ఇచట గడియారముల చిక్కు ఒకటి కలదు. మన దేశకాలమునకు ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషముల తూర్పురేఖ మన కాకినాడ సమీపమున పోవుచున్నది. ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషముల చొప్పున గ్రీనిచ్ కంటె మనము ఐదున్నర గంటలు ముందున్నాము. చలికాలమున మధ్యాహ్నము 2 గంటలకు ముంబయి విడిచిన విమానము తొమ్మిదిన్నర గంటలు ఎగిరినను లండను గడియారమున సాయంకాలము 6 గంటలే కనబడును. చీటీమీద రెండు వేళలను చూచి నాలుగుగంటల ప్రయాణమని తలచువారు తిరుగుప్రయాణమున ఉదయము 10 గంటలకు ఎక్కి, నడిరేయి దాటిన పిదప దిగునప్పుడు ఆశ్చర్యపడుదురు. గడియారము తీసికొన్నదానిని మరల తిరిగి యిచ్చుచున్నది. అంతకుమించి ఏమియు లేదు.

గాలి మాత్రము అట్లు సమముగ పంచదు. పది కిలోమీటర్ల యెత్తున పడమటి నుండి తూర్పునకు వీచు బలమైన వాయుప్రవాహములు కలవు. అందువలన తూర్పునకు వచ్చు విమానము సాధారణముగ త్వరగ చేరును. దీనిని మించిన ఉదాహరణ 2016 అక్టోబరులో లభించినది. ఢిల్లీ నుండి సాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటికు మీదుగ సుమారు 13,900 కిలోమీటర్లు పోవుచుండిన ఎయిర్ ఇండియా విమానము ఆ నెలలో పసిఫిక్ మీదుగ సుమారు 15,300 కిలోమీటర్లు పోయి, సుమారు రెండు గంటలు ముందుగ చేరెను. దూరము పెరిగినది, కాలము తగ్గినది! గాలివాలు చూచి తెరచాప యెత్తు మన తీరపు పల్లెకారులకు ఇందులో వింత యేమియు కనబడదు.

రాజ్యముల తలుపులును తిరిగి మూయబడుచుండును. 2019 ఫిబ్రవరి 27 నుండి జూలై 16 వరకు పాకిస్తాను తన ఆకాశమును మూసినప్పుడు ఢిల్లీ నుండి పడమటికి పోవు విమానములు గుజరాతు, అరేబియా సముద్రముల మీదుగ చుట్టి పోవలసి వచ్చెను. 2025 ఏప్రిల్ 24న అదే మరల జరిగెను. అమెరికాకు పోవు కొన్ని విమానములు ఇంధనము కొరకు వియన్నాలో దిగినవి. ఏ మజిలీలను తొలగించుటకు ఎనుబదియేండ్లు పట్టినదో, ఆ మజిలీలు ఒక్క ఉత్తరువుతో తిరిగి వచ్చినవి. 1932లో పర్షియా తీరము వదలి షార్జా చేరిన వైమానికునకు ఈ సంగతి చెప్పినచో, మాకు తెలిసినదే యని యుండును.

ఈ చరిత్రనంతయు చదివి, గంటలు మిగిలిన మాట నిజమేగాని వానితో మనుష్యునకు కలిగిన మేలేమి యని యడుగువారు కలరు. వారికి సమాధానము దూరదేశములలో బిడ్డలున్న ఏ యింటనైనను దొరకును. ఓడల కాలమున సీమకు పోయిన కొడుకునకు తండ్రి జబ్బువార్త అందునప్పటికి కర్మకాండ కూడ ముగిసియుండెడిది. 1929లో తంతి అందిన వెంటనే విమానమెక్కినను ఏడు దినములు. 1948లో ఒక దినము, అదియు విమానము వారమునకు ఒక్కటే కనుక అది పోవు దినము వరకు కాచుకొనవలసినదే. నేడు రాత్రి వార్త విన్నవాడు మరునాటికి తల్లి మంచముప్రక్కన కూర్చుండగలుగుచున్నాడు. కడచూపు దక్కుట, దక్కకపోవుట యను ఈ తేడా ఏ వేగమాపకము మీదను కనబడదు. ఎడారిలో చాలు తోలినవాడు, అహమ్మదాబాదునకు పెట్రోలుబండి తోలినవాడు, నాగపూరులో నడిరేయి సంచులు మార్చినవాడు, మాంట్ బ్లాంక్ మీద ప్రాణములు విడిచినవాడు – వీరందరు కలిసి సంపాదించి యిచ్చిన గంటలవి. 7,200 కిలోమీటర్ల దూరము భూమి యొక్క నిర్ణయము. దానిని దాటుటకు పట్టు కాలము మాత్రము మనుష్యుల పొత్తునుబట్టి, శ్రమనుబట్టి యుండును.